తల్లి కాబోవువారికి ఊరి తోడు



ప్రసవము స్త్రీకి మరుజన్మ మని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ మాట ఊరక పుట్టినది కాదు. 1946వ సంవత్సరమున వెలువడిన భోర్ సంఘమువారి నివేదికలో, మన దేశమున ఏటేట సుమారు 2 లక్షలమంది స్త్రీలు కానుపు కారణముగా మరణించుచున్నారని లెక్క వేయబడినది. ఆ దినములలో ధనవంతుల మేడలకును పేదల గుడిసెలకును ఈ విషయమున గొప్ప భేదము లేకుండెను. హైదరాబాదున నిజాముగారి కోడలు రాకుమారి నీలోఫర్‌కు ప్రీతిపాత్రురాలైన పరిచారిక యొకతె 1949లో వైద్యసహాయము చాలక కానుపులో కన్నుమూసెను. ఆ దుఃఖమునుండియే స్త్రీలకును శిశువులకును ప్రత్యేకముగా ఒక ఆస్పత్రి కావలెనను సంకల్పము కలిగి, 1953లో నీలోఫర్ ఆస్పత్రి వెలసినది. నేటికిని అది తెలంగాణమునందలి పసిబిడ్డలకు పెద్ద దిక్కుగా నున్నది.

అప్పటికిని ఇప్పటికిని ఎంత భేదము! 2018–20 సంవత్సరముల లెక్కలనుబట్టి తెలంగాణమున లక్ష కాన్పులకు 43 మంది తల్లులు మాత్రమే మరణించిరి. ఆ కాలముననే దేశమంతటికి ఈ సంఖ్య 97. 2014–16లో మన రాష్ట్రపు సంఖ్య 81 ఉండెనన్నచో, కొలది యేండ్లలోనే ఎంతమంది తల్లులు తమ బిడ్డలకు దక్కిరో ఊహించుకొనవచ్చును. అయినను ఆ 43 అను అంకెలో ప్రతి యొక్కటియు ఒక ఇల్లు, ఒక తల్లిలేని బిడ్డ. ఆ మరణములలో అనేకములు ముందుగా మేలుకొన్నచో తప్పింపదగినవే.

ఇట్లు మేలుకొలుపుటకై నేడు ప్రతి గ్రామమునందును కొన్ని ఏర్పాట్లున్నవి. అవి యేవి, వానిని మనము ఎంతవరకు వాడుకొనుచున్నాము, వాడుకొనకపోవుటకు కారణము లెవ్వి అను విషయములను నల్లగొండ జిల్లాలోని వేములపల్లి వంటి యొక మండలమును దృష్టియందుంచుకొని విచారింతము.

ఊరి స్థితి

వేములపల్లి అద్దంకి–నార్కట్‌పల్లి రహదారిమీద, మిర్యాలగూడకు సమీపమున నున్నది. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమునుండి 1967లో కాలువలకు నీరు వదలబడెను. ఎడమకాలువ నీటితో ఈ ప్రాంతపు మెట్టభూములు మాగాణులైనవి. మిర్యాలగూడ బియ్యపుమిల్లులకు పేరు పొందినది. కోదాడ, సూర్యాపేట వైపునను ఇదే పంట, ఇదే పని.

వరి పండినచోట స్త్రీకి తీరిక యుండదు. వానాకాలపు నాట్లు, యాసంగి నాట్లు, కలుపులు, కోతలు – వీనిలో అధికభాగము స్త్రీల చేతిమీదుగానే సాగును. మోకాలిలోతు బురదలో నడుము వంచి దినమంతయు నాటువేయునది ఐదవ నెల గర్భవతియైనను, ఆనాటి కూలి పోగొట్టుకొనుటకు ఇష్టపడదు. ఉద్యోగినులకై 1961వ సంవత్సరమున ప్రసూతి ప్రయోజనముల చట్టము ఏర్పడినది; 2017లో దానిని సవరించి మొదటి యిరువురు బిడ్డలకు 26 వారముల జీతముతోకూడిన సెలవు నిచ్చిరి. కాని పొలమున కూలిచేయు సోదరికి ఈ సెలవు నిచ్చువా రెవ్వరు? ఆమెకు ఊరే తోడు కావలెను. కావుననే ఊరిలోని ఏర్పాట్లను గూర్చి తెలిసికొనుట కాలక్షేపపు ముచ్చట గాక, ప్రాణసంబంధమైన విషయ మగుచున్నది.

పూర్వపు తోడు

మన పూర్వులు గర్భిణిని ఒంటరిగా విడిచినవారు కారు. వేవిళ్ల దినములలో ఆమె కోరినది వండిపెట్టుట, శ్రీమంతము చేసి ఇరుగుపొరుగు ముత్తయిదువలతో గాజులు తొడిగించుట, పుట్టినింటివారు చలిమిడి తెచ్చి కడుపు చల్లగా నుండుమని దీవించుట, తొలికానుపునకు తల్లిగారింటికి కొనిపోవుట, పురిటిదినములలో బాలింతచేత ఏ పనియు చేయింపక వేడినీళ్లు పోసి పథ్యము పెట్టుట, ఇరువదియొకటవనాడు తొట్టెలలో బిడ్డను వేసి పేరు పెట్టుట – ఇవి యన్నియు ఒక్కొక్కటి ఆలోచించి చూచినచో, ఊరెల్ల కలిసి ఒక తల్లిని మోయుట తప్ప వేరు కాదు. విశ్రాంతి, ఆహారము, ధైర్యము అను మూడును ఈ ఆచారములలో ఇమిడియున్నవి.

అయితే వీనితోపాటు కీడు చేయు అలవాట్లును కొన్ని చేరినవి. బిడ్డ పెద్దదగునేమో యని గర్భిణికి అన్నము తగ్గించుట, ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోయుట, పుట్టిన బిడ్డ నోట తేనెయో, పంచదార నీళ్లో, ఆముదమో వేయుట, బాలింతకు నీళ్లు తగ్గించుట, బొడ్డుమీద పసుపో, బూడిదయో అద్దుట – ఇవి యట్టివి. మంత్రసాని యెంత నేర్పరియైనను రక్తస్రావము మితిమీరినపుడు ఆమె చేతిలో మందు లేకుండెను. మంచిని నిలుపుకొని చెడుగును విడుచుటయే మనకు కావలసిన వివేకము.

అంతియే కాదు. కుటుంబములు చీలి చిన్నవైనవి. కోడలు మిర్యాలగూడలో అద్దెయింట, అత్త పల్లెలో, తల్లి వేరొక జిల్లాలో నున్న కాలమిది. వేడినీళ్లు పోసి పథ్యము పెట్టు చేతులు దగ్గర లేవు. ఆ లోటును తీర్చుటకే సంఘము, ప్రభుత్వము కలిసి కొత్త తోడును కల్పింపవలసి వచ్చినది.

ఈ దారిన మన తెలుగువారిలో ముందుగా నడచినవారిలో శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు ముఖ్యులు. 1937లో చెన్నపట్టణమున వారు స్థాపించిన ఆంధ్రమహిళాసభ స్త్రీలకు చదువుతోపాటు వైద్యమును, ప్రసూతి సహాయమును అందించెను. 1953లో కేంద్ర సంఘసంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై, పల్లెలలో మహిళామండలులను, బాలవాడులను, మంత్రసానుల సేవలను వ్యాపింపజేయుటకు వారు పాటుపడిరి. హైదరాబాదు బొగ్గులకుంటలో 1948లో రెండే మంచములతో ఆరంభమైన ఫెర్నాండెజ్ ప్రసూతి ఆస్పత్రియు ఆ కాలపు సంకల్పమే.

అంగన్‌వాడీ: ఒక పూట అన్నము

1975 అక్టోబరు 2వ తేదీన దేశములో 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము ఆరంభమైనది. దాని ఫలమే మన ఊరి అంగన్‌వాడీ. తెలంగాణమున నేడు సుమారు 35,700 కేంద్రము లున్నవి. పిల్లలకు పాటలు నేర్పు తావని మాత్రమే దీనిని తలచువారు పెక్కురు కలరు. కాని ఇది గర్భవతికిని బాలింతకును కూడ వంటయిల్లు.

2015 జనవరి 1వ తేదీనుండి తెలంగాణమున ఆరోగ్యలక్ష్మి యను పేర, గర్భవతులకును బాలింతలకును దినమున కొక పూట నిండు భోజనము అంగన్‌వాడీలోనే వడ్డించు ఏర్పాటు జరిగినది. అన్నము, ఆకుకూరలతోగాని కూరగాయలతోగాని పప్పు, ఒక కోడిగ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు – ఇది ఆ భోజనపు పట్టిక. భోజనమైన పిమ్మట అక్కడనే ఇనుము మాత్ర మ్రింగింతురు. కానుపైన తరువాత ఆరు నెలలవరకు ఈ భోజనము లభించును. ఏడవ నెల దాటిన బిడ్డకు మూడేండ్లవరకు బాలామృతమను పొడి నెలకు రెండున్నర కిలోలును, గ్రుడ్లును ఇంటి కిత్తురు. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి ఈ పొడి చేయుదురు. 2013 సంవత్సరపు ఆహారభద్రతా చట్టము గర్భిణికిని బాలింతకును ఈ భోజనమును హక్కుగా చేసినది. కావున ఇది దానము కాదు. తలవంచుకొని తీసికొనవలసినది అంతకన్న కాదు.

ఈ పూట అన్నము ఏల కావలెను? గర్భిణికి మామూలు ఆహారముకంటె దినమునకు సుమారు 350 కేలరీలు అధికముగా కావలెననియు, పాలిచ్చు తల్లికి తొలి ఆరు నెలలు సుమారు 600 కేలరీలు అధికముగా కావలెననియు హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు తెలిపియున్నారు. మన యిండ్లలో గర్భిణి తినున దేమి? అందరు తినిన పిమ్మట అడుగున మిగిలిన అన్నమును, పచ్చడియు. 2019–21 కుటుంబ ఆరోగ్య పరిశీలనలో తెలంగాణపు గర్భిణులలో నూటికి 53 మందికి పైగా రక్తహీనత గలవారని తేలినది. నూటికి సగముకంటె ఎక్కువ! వరి పండించు నేలమీద అన్నము వండు ఇల్లాలికే రక్తము చాలదనుట మనకందరకు సిగ్గుచేటు.

ఇంత మంచి ఏర్పాటుండగా వెళ్లకపోవుటకు కారణములు మూడు. మొదటిది పరువు. “మా ఇంట అన్నము లేదా, కోడలు బడిలో తినవలెనా?” అని అత్తగారి మాట. రెండవది పని. నాట్లదినములలో మడిలోనుండి కేంద్రమునకు వచ్చి తిని మరలుటకు గంట పట్టును. ముఠాలో నాటువేయునపుడు ఒక్కతె విడిపోవుట కష్టము. మూడవది సిగ్గు. నాలుగైదు నెలలవరకు గర్భము సంగతి బయటికి చెప్పరాదను తలంపుచే పేరే వ్రాయించుకొనరు. ఎంతో అవసరమైన తొలి మూడు నెలలు అట్లే గడచిపోవును.

ఈ మూడింటికిని మందు ఇంటిలోనే యున్నది. అత్తగారు తానే ఒకనాడు కోడలిని వెంటబెట్టుకొని వెళ్లి టీచరమ్మ వడ్డించు అన్నము చూచి రావలెను. నాటు ముఠాపెద్ద గర్భిణికి మధ్యాహ్నము గంట వదలుట ధర్మముగా నెంచవలెను. కొందరు భోజనమును డబ్బాలో ఇంటికి తెచ్చుకొందురు. ఇంటికి వచ్చిన గ్రుడ్డు పిల్లవాని కంచములో పడును, పాలు టీలో కలియును. అందుచేతనే కేంద్రములోనే కూర్చుండి తినవలెనను నియమము పెట్టిరి. పదిమంది గర్భిణులు ఒక పంక్తిని కూర్చుండి తినుటలో మరియొక మేలును గలదు. ఒకతె భయమును మరియొకతె మాట పోగొట్టును. తొలిచూలు పిల్లకు ఇంతకంటె మంచి పాఠశాల లేదు.

ఇప్పుడు అంగన్‌వాడీలలో శ్రీమంతములు, అన్నప్రాశనములు కూడ సామూహికముగా జరుపుచున్నారు. గాజులు తొడిగి పసుపుకుంకుమ లిచ్చుచునే, ఏమి తినవలెను, ఎప్పుడు పరీక్ష చేయించుకొనవలెను అను మాటలు చెప్పుదురు. పాతదానిలో కొత్తదానిని ఒదిగించుట అనగా ఇదియే.

ఆశ అక్క, నర్సమ్మ

2005 సంవత్సరమున జాతీయ గ్రామీణ ఆరోగ్య పథకముతోపాటు ఆశ కార్యకర్తలు వచ్చిరి. ఈమె ఊరి కోడలే, ఊరివారిలో ఒకతె. ఎవరి యింట ఎన్నవ నెలయో ఆమెకు తెలియును. పేరు వ్రాయించుట, పరీక్షలకు తోడువచ్చుట, కానుపునాడు ఆస్పత్రికి కూడ వచ్చుట ఆమె విధులు. కానుపు ఆస్పత్రిలో జరిగినచో 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఆమె ఇంటికి వచ్చి తల్లిని బిడ్డను చూడవలెను. బిడ్డను తూచును, ఒళ్లు చల్లబడినదేమో తాకి చూచును, బొడ్డు చీము పట్టినదేమో పరిశీలించును, పాలు పట్టు విధము చూపును. ఆమె వచ్చినపుడు “బాలింత గదిలోనికి రావద్ద”ని గుమ్మములో నిలిపివేయుట మన ఇండ్లలో కలదు. అట్లు చేయరాదు. చేతులు సబ్బుతో కడుగుకొని లోనికి రమ్మనుడు.

నెదర్లాండ్సు దేశమున ప్రసవమైన పిమ్మట ఇంచుమించు వారము దినములు శిక్షణ పొందిన స్త్రీ ఇంటికి వచ్చి తల్లికిని బిడ్డకును సేవచేయు ఆచారము దేశమంతట కలదు. మన పురిటిదినములకు అది కొత్తరూపమువలె తోచును. మన ఆశ అక్క రాకపోకలును అట్టి తలంపుతో ఏర్పడినవే. ఆమె గడియసేపు మాత్రమే యుండును. మిగిలిన సేవ మనము చేయవలసియుండును.

ఆరోగ్య ఉపకేంద్రపు నర్సమ్మ కనీసము నాలుగుమారులు గర్భిణిని పరీక్షించును. బరువు, రక్తపుపోటు, రక్తము, మూత్రము – ఈ నాలుగును చూచినగాని పరీక్ష పూర్తికాదని జ్ఞాపకముంచుకొనుడు. రక్తములో హిమోగ్లోబిను 11కు తగ్గినచో రక్తహీనత యనుదురు. ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్రలు గర్భమందు 180 దినములు, కానుపు తరువాత మరి 180 దినములు మ్రింగవలెను. ఈ మాత్రలవలన కడుపులో వికారము, నల్లని విరేచనము కలుగుట సహజము; దానికి జడిసి పారవేయరాదు. అన్నము తిన్న పిమ్మట వేసికొనవలెను. టీతో మ్రింగిన గుణము తగ్గును. నిమ్మ, ఉసిరి వంటి పులుసుతో గుణము హెచ్చును. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన సర్కారు ఆస్పత్రులలో గర్భిణులకు డాక్టరు స్వయముగా పరీక్షచేయు ఏర్పాటును జరిగినది.

ఈ క్రింది లక్షణములలో ఏ యొక్కటి కనబడినను తెల్లవారువరకు ఆగరాదు: రక్తము కనబడుట, ముఖము, చేతులు వాచుట, విడువని తలనొప్పి, కన్నులు మసకబారుట, మూర్ఛ, తీవ్రమైన జ్వరము, నొప్పులు రాకుండ ఉమ్మనీరు పోవుట, బిడ్డ కదలిక తగ్గుట. ఇట్టి సమయమున 108కి ఫోను చేయవలెను. ఈ బండి 2005 ఆగస్టు 15న హైదరాబాదున మొదలై నేడు పల్లెపల్లెకు వచ్చుచున్నది. పరీక్షలకు పోవుటకును, కానుపైన పిమ్మట ఇల్లు చేరుటకును 102 బండి కలదు.

ఆస్పత్రి, కోత, ముహూర్తము

2011 జూను 1వ తేదీనుండి సర్కారు ఆస్పత్రిలో కానుపునకు, అది కోతతో జరిగినను, మందులకు, పరీక్షలకు, రక్తమునకు, భోజనమునకు, రాకపోకలకు పైక మడుగరాదని దేశమంతట నియమమైనది. మన ప్రాంతమున మిర్యాలగూడలో ఏరియా ఆస్పత్రి కలదు. నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో వైద్యకళాశాలలు నెలకొనుటచే కఠినమైన కాన్పులకు హైదరాబాదువరకు పరుగెత్తవలసిన అగత్యము తగ్గినది.

2017 జూనులో తెలంగాణ ప్రభుత్వము కె.సి.ఆర్. కిట్టు అను పథకమును పెట్టి, సర్కారు ఆస్పత్రిలో కన్న తల్లికి బిడ్డదుస్తులు, దోమతెర, సబ్బు, నూనె, చీరలు మొదలగువానితో ఒక పెట్టెయు, మగబిడ్డయైన 12,000, ఆడబిడ్డయైన 13,000 రూపాయలు నాలుగు విడతలుగాను ఇచ్చుట కారంభించెను. ఆడబిడ్డకు వేయి రూపాయలు ఎక్కువగా నుంచుట గమనింపదగినది. ఐరోపాలోని ఫిన్లాండు దేశము 1938లో పేదతల్లులకును, 1949నుండి తల్లులందరకును ఇట్టి పెట్టె నిచ్చుచున్నది. కాని నాలుగవ నెల దాటకమునుపే తల్లి పరీక్ష చేయించుకొనవలెనని నియమించినది. పెట్టెకన్న ఆ పరీక్షయే వారి ముఖ్యోద్దేశము. మన విడతలును పరీక్షలకు, టీకాలకు ముడివెట్టబడినవే. పథకముల పేర్లును, పైకమును ప్రభుత్వములతోపాటు మారుచుండును. ఏది నడచుచున్నదో నర్సమ్మను అడిగి తెలిసికొనుడు. పరీక్షయు టీకాయు మాత్రము ఎప్పటికిని మారవు.

ఇక మన రాష్ట్రమునకు అపకీర్తి తెచ్చుచున్న విషయ మొకటి కలదు. 2019–21 పరిశీలనలో తెలంగాణమున నూటికి 97 కాన్పులు ఆస్పత్రులలోనే జరిగినవి, ఇది సంతోషమే. కాని నూటికి 60 మందికి పైగా కోతతోనే కనిరి. దేశమంతటికిని సగటు 21 మాత్రమే. ప్రైవేటు ఆస్పత్రులలో నూటికి 81కి పైగా కోతలే. కోత ప్రాణము నిలుపు గొప్ప విద్య. అవసరమైనచోట దానిని కాదనువారు అవివేకులు. అవసరము లేనిచోట కడుపు కోసుట మాత్రము తల్లికి నెలల నొప్పి, మరుకానుపునకు భయము, ఇంటికి అప్పు. పాలు పట్టుటయు ఆలస్యమగును. ప్రసవమైన గంటలోపల ముర్రుపాలు త్రాగిన బిడ్డలు తెలంగాణమున నూటికి 37 మంది మాత్రమే యని ఆ పరిశీలనయే చెప్పుచున్నది.

తప్పంతయు డాక్టర్లదేనా? పంచాంగము చూచి, నక్షత్రము కుదిరిన గడియకు బిడ్డ పుట్టవలెనని పట్టుబట్టువారు మనలో లేరా? నొప్పులు చూడలేక “కోసివేయుడు” అని మనమే తొందరపెట్టుట లేదా? నెలలు నిండి తన వేళకు తాను వచ్చు బిడ్డకు అదియే శుభముహూర్తము. కోత యేల కావలెనో డాక్టరుగారిని వినయముగా అడుగుట తప్పు కాదు. అడుగుట మన హక్కు.

ఈ వెఱ్ఱిని తగ్గించుటకు తెలంగాణ ప్రభుత్వము 2017లో ఫెర్నాండెజ్ సంస్థవారి తోడ్పాటుతో కరీంనగరమున నర్సులకు పదునెనిమిది నెలల మిడ్‌వైఫ్ శిక్షణ నారంభించినది. ఆ శిక్షణ పొందిన నర్సులు నొప్పులవేళ తల్లి ప్రక్కనే నిలిచి, నడిపించి, వీపు నిమిరి, ధైర్యము చెప్పి, సహజముగా కనునట్లు తోడుపడుదురు. పూర్వపు మంత్రసాని ఓరిమియు, నేటి వైద్యపు జ్ఞానమును ఈమెయందు కలిసినవి.

పుట్టినింటికి పోవునపుడు

తొలికానుపునకు ఏడవ నెలలోనో, తొమ్మిదవ నెలలోనో పిల్ల తల్లిగారింటికి పోవును. వేములపల్లి కోడలు కోదాడ వైపునకో, కృష్ణ దాటి గుంటూరు వైపునకో పోవచ్చును. ఈ మార్పులోనే పెక్కుచోట్ల తోడు తెగిపోవుచున్నది. ఇచ్చట పేరున్నది, మనిషి లేదు. అచ్చట మనిషి యున్నది, పేరు లేదు. మాతాశిశు రక్షణ కార్డును చీరలతోపాటు పెట్టెలో తప్పక పెట్టుకొనవలెను. అందు ఆమె రక్తవర్గము, పోటు, పరీక్షలు, టీకాలు అన్నియు వ్రాసియుండును. వెళ్లిన మరునాడే ఆ ఊరి అంగన్‌వాడీలోను, ఆశ అక్కయొద్దను పేరు వ్రాయింపవలెను. వియ్యపురాండ్రు చలిమిడి గూర్చి మాటలాడుకొనునంత శ్రద్ధతో ఈ కార్డు గూర్చియు మాటలాడుకొన్నచో ఎన్నియో ఆపదలు తొలగును.

తండ్రి కాబోవువాడు

ఇంతవరకు తల్లి మాటయే చెప్పితిమి. బిడ్డ యిరువురిది కదా! మన యిండ్లలో భర్త కానుపు నాటివరకు దూరముగా నుండి, పేరు పెట్టునాడు మాత్రము దగ్గరకు వచ్చును. ఇది మారవలెను. కేంద్రప్రభుత్వ ఉద్యోగులైన తండ్రులకు 15 దినముల సెలవు కలదు. రైతునకును కూలివానికిని సెలవు నిచ్చునది అతని మనస్సే. పరీక్షకు వెంటబోవుట, ఇనుము మాత్ర జ్ఞాపకము చేయుట, నీళ్లబిందె తానెత్తుట, రక్తము కావలసినచో ఇచ్చువారిని ముందే చూచియుంచుట, 108 బండి రానిచో ఏ బండి దొరకునో విచారించుట, కొంత పైకము దాచుట – ఇవి పురుషుడు చేయదగిన పనులు. ఇవి చేసినవాడు ఊరిలో తక్కువవాడు కాడు. సోదరీమణులారా, మీ కుమారులకు ఈ పని నేర్పవలసినవారు మీరే.

పదునెనిమిదేండ్లు నిండని పిల్లను తల్లిని చేయుట మాత్రము ఏ తోడును దిద్దలేని అపరాధము. అట్టి పిల్లకు పెండ్లి చేయుటను 2006 చట్టము నేరముగా నెంచినది. అయినను 2019–21 నాటికి తెలంగాణమున ఇరువదికిని ఇరువదినాలుగేండ్లకును నడుమ నున్న స్త్రీలలో నూటికి 23 మందికి పైగా పదునెనిమిదికి లోపలనే పెండ్లియైనవారు. ఎదుగు దేహములో మరియొక దేహము ఎదుగవలెనన్నచో రెండును కృశించును. పొరపాటున అట్టి పిల్ల గర్భవతియైనచో నిందించి దాచిపెట్టక, తొలి నెలలలోనే డాక్టరునకు చూపవలెను. నింద ఆమె ఆకలిని తీర్చదు, రక్తమును పెంచదు.

మనస్సు కూడ శరీరమే

కానుపైన కొన్ని దినములకు బాలింత కారణము లేక ఏడ్చును, విసుగుకొనును. ఇది పది పదునైదు దినములలో తగ్గును. తగ్గక, నిద్రపట్టక, బిడ్డను చూడబుద్ధి పుట్టక, బ్రతుకు మీద ఆశ లేదని పలికినచో అది గాలి సోకుట కాదు, పొగరు కాదు, జబ్బు. దానికి మందు కలదు. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలిమానస్ అను సేవకు 14416కి ఫోను చేసినచో తెలుగులోనే ఆలకించి సలహా చెప్పువారు కలరు. ఆడపిల్ల పుట్టినదని ఇంటిల్లిపాదియు మొగము ముడుచుకొన్న యింట ఈ జబ్బు మరింత త్వరగా ప్రవేశించును. దానికి ఫోను చేయుటకంటె ముందు మొగములు విప్పుట మేలు.

మన సంఘములు చేయదగినది

తెలుగునేలమీద పొదుపు సంఘములు లేని ఊరు లేదు. 2007 ప్రాంతమున కొన్ని గ్రామైక్య సంఘములవారు తామే పోషకాహార కేంద్రములు నడిపి, గర్భిణులకును బాలింతలకును దినమంతటి భోజనము వండిపెట్టి, ఖర్చులో కొంత వారియొద్దనే అప్పుగా వ్రాసికొని వాయిదాలమీద తీర్పించుకొనిరి. స్త్రీలే స్త్రీలకు వండి, స్త్రీలే లెక్క చూచిన ఆ పద్ధతి మనకు గర్వకారణము. ప్రతి ఊరును అంత చేయలేకపోవచ్చును. కాని వారపు సమావేశమున పొదుపు లెక్కతోపాటు, “ఈ నెల మన వాడలో గర్భవతు లెవరు? బాలింత లెవరు? ఎవరి యింట తోడు లేదు?” అని మూడు ప్రశ్నలు వేసికొనుటకు ఏమి ఖర్చు? తోడు లేని యింటికి ఇరువురు వంతులు వేసికొని వెళ్లి, పెద్దబిడ్డను చూచుచు, వేడినీళ్లు కాచి, గుడ్డలు ఉతికి వచ్చుటకు ఏ పథకము కావలెను? టీకాలకు పోవు బుధవారము, శనివారము తల్లులందరు కలిసి పోయినచో దారియు తెలియదు, భయమును ఉండదు.

అంగన్‌వాడీ పప్పు పలుచనైనచో, గ్రుడ్డు చిన్నదైనచో, తూకము తగ్గినచో ఇంటివద్ద గొణుగుకొనక, టీచరమ్మను మర్యాదగా అడుగుటయు మన పనియే. అడుగువారున్నచోట ఏర్పాట్లు చక్కగా నడచును. అడుగువారు లేనిచోట రిజిస్టరులో మాత్రమే నడచును. అట్లే మంచి పని చేయు టీచరమ్మను, ఆయమ్మను, ఆశ అక్కను నలుగురిలో మెచ్చుకొనుటయు మరువరాదు. వారి కష్టమును తెలిసికొన్నవారు తక్కువ.

కాలువ నీరు ఊరిలోనికి వచ్చినంత మాత్రమున మడి తడియదు; గండి తీసి బోదె చేసి మళ్లించుకొన్నవారికే పంట. అంగన్‌వాడీ అన్నము, నర్సమ్మ పరీక్ష, ఆశ అక్క రాక, 108 బండి – ఇవి యన్నియు ఊరి గట్టువరకు వచ్చిన నీరు. దానిని ఇంటి గడపలోనికి మళ్లించుకొనవలసినవారు ఇల్లాండ్రు. ఇది చదివిన ప్రతి సోదరియు తన వాడలో ఒక గర్భిణిచేతనైనను ఈ వారమే అంగన్‌వాడీలో పేరు వ్రాయించి, ఆమె ప్రక్కన కూర్చుండి ఆ పూట భోజనము తినిపించినచో, ఈ నాలుగు మాటలు వ్రాసిన శ్రమ ఫలించినదని భావింతుము.